ఎండలో పెడితే కరిగిపోయే రాళ్లా?

మా ఒంగోలు బంధువుల వాట్సాప్ గ్రూపులో ఇది మూడోసారి తిరుగుతోంది: "ఐదు రోజులు ఆపిల్ జ్యూస్, ఆరో రోజు సాయంత్రం ఎప్సమ్ సాల్ట్, పడుకోబోయే ముందు ఆలివ్ నూనెలో నిమ్మరసం. తెల్లారేసరికి గాల్‌బ్లాడర్‌లో రాళ్లన్నీ నొప్పి లేకుండా పడిపోతాయి. ఆపరేషన్ డాక్టర్ల దోపిడీ. గాల్‌బ్లాడర్ తీసేస్తే జన్మలో అన్నం అరగదు."

ముందు ఆ "పడిపోయే రాళ్ల" సంగతి. చీమకుర్తిలో ఉండే మా పిన్ని ఇదంతా చేసింది. పొద్దున్నే బఠాణీ గింజలంత పచ్చటి ఉండలు పడ్డాయి, వాటిని కడిగి సీసాలో వేసి, వచ్చినవాళ్లకి చూపించడానికి ఫ్రిజ్‌లో దాచింది. నేను రెండు తీసి స్టీలు ప్లేటులో డాబా మీద పెట్టాను. మే నెల ఎండ కదా, కాఫీ తాగి వచ్చేసరికి ప్లేటులో పచ్చటి నూనె మిగిలింది. గ్రానైట్ ఊళ్లో ఉంటూ ఎండకి కరిగే రాయి ఎక్కడన్నా చూశావా పిన్నీ అంటే నవ్వింది గానీ, స్కాన్ తీయిస్తే 14 మిల్లీమీటర్ల రాయి ఉన్నచోటే ఉంది. 2005లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో న్యూజిలాండ్ వాళ్లు ఇలాంటి ఉండల్నే పరీక్షించి రాశారు: 40 డిగ్రీల వేడికి పది నిమిషాల్లో కరిగాయి, అసలు రాళ్లలో ఉండే కొలెస్ట్రాల్ లేదు, బిలిరుబిన్ (పైత్యరసంలోని రంగు పదార్థం) లేదు, కాల్షియం లేదు, ముప్పాతిక వంతు కొవ్వు ఆమ్లాలే. తాగిన నూనే కడుపులో విడిపోయి, నిమ్మరసంలోని పొటాషియంతో కలిసి సబ్బులా గడ్డకట్టిందన్నమాట.

"నొప్పి లేకుండా" అన్న మాట మరీ ప్రమాదం. కొవ్వు పడగానే గాల్‌బ్లాడర్ ముడుచుకుని పైత్యరసాన్ని బయటికి తోస్తుంది, దాని పనే అది. ఆ తోపుకి రాయి జారి పైత్యరసం పోయే గొట్టంలో ఇరుక్కుంటే కామెర్లు రావచ్చు, ప్యాంక్రియాస్ వాచిందంటే ప్రాణం మీదికే వస్తుంది. షుగర్ ఉన్నవాళ్లు ఐదు రోజులు ఆపిల్ జ్యూస్ తాగితే ఏమవుతుందో వేరే చెప్పాలా?

దోపిడీ మాటలో కొంత నిజం ఉంది, ఒప్పుకుంటాను. వేరే దేనికో స్కాన్ తీస్తే బయటపడి, ఏ బాధా పెట్టని రాళ్లకి చాలామందిలో ఆపరేషన్ అక్కర్లేదు. తిన్నాక కుడి డొక్క పైన పట్టేసి, వీపులోకో కుడి భుజంలోకో పాకే నొప్పి ఒకసారి మొదలైతే మాత్రం తిరిగి వచ్చే అవకాశమే ఎక్కువ. రాళ్లు కరిగించే మాత్రలు చిన్న కొలెస్ట్రాల్ రాళ్లకే పనిచేస్తాయి, అదీ నెలల తరబడి మింగితే, మానేశాక మళ్లీ పుట్టేవీ ఎక్కువే.

అన్నం అరగకపోవడమేంటి? పైత్యరసం తయారుచేసేది లివర్. గాల్‌బ్లాడర్ దాన్ని దాచుకునే చిన్న తిత్తి, 30 నుంచి 50 మిల్లీలీటర్లు పడుతుందేమో. అది లేకపోతే రసం నేరుగా పేగులోకి దిగుతుంది. కొందరికి కొన్నాళ్లు విరేచనాలవుతాయి, అది నిజమే. పిన్ని చివరికి ఆపరేషన్ చేయించుకుంది, నాలుగు చిన్న గాట్లు, రెండో నెలకల్లా చేపల పులుసుతో అన్నం తింటోంది.

ఆ మెసేజ్ కింద ఎవరో కొండపిండాకు కూడా రాశారు. అది మనవైపు కిడ్నీ రాళ్లకి చెప్పుకునే ఆకు, ఈ రాళ్లకీ మూత్రానికీ సంబంధమే లేదు. నొప్పితో పాటు చలిజ్వరం వచ్చినా, కళ్లు పచ్చబడినా ఏ ఆకూ వెతక్కుండా ఆ పూటే ఆస్పత్రికి వెళ్లండి.