తీరం వెంట ఎగరడానికి ముందు

చిన్న విమానంలో విశాఖ నుంచి భీమిలి మీదుగా తీరం వెంట వెళ్తే ఎంత బాగుంటుందో మీ వ్యాసంలో చక్కగా రాశారు. కానీ అనుమతుల సంగతి ఒక్క వాక్యంలో తేల్చేశారు. అసలు పనంతా అక్కడే ఉంది. మన విశాఖ ఎయిర్‌పోర్టు రన్‌వే నేవీది, ఐఎన్ఎస్ డేగా అనే నౌకాదళ వైమానిక స్థావరంలో ఉంది. ఏ దారిలో, ఎప్పుడు వెళ్తామో చెప్పే ఫ్లైట్ ప్లాన్ ఇస్తే సరిపోదు, ఎయిర్ డిఫెన్స్ క్లియరెన్స్ (గగనతల రక్షణ విభాగం అనుమతి) నంబరు కూడా చేతికి రావాలి. బంగాళాఖాతంలో ఫైరింగ్ ఉంటే నోటామ్ (పైలట్లకు ఇచ్చే హెచ్చరిక నోటీసు) ఇస్తారు. అందులో టైము యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో ఉంటుంది, మన టైము కోసం 5 గంటల 30 నిమిషాలు కలుపుకోవాలి. శిక్షణ రోజుల్లో మ్యాపు మీద నేను గీసిన పెన్సిల్ గీత నిషిద్ధ ప్రాంతం అంచుకు తగిలింది. మా ఇన్‌స్ట్రక్టర్ గారు ఏమీ అనకుండా రబ్బరు చేతిలో పెట్టారు. ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. దయచేసి ఈ భాగం వివరంగా రాయండి, కొత్తగా నేర్చుకునే పిల్లలు చదువుతారు.