ముందూ వెనకా, రెండు సెట్లు: ఆధార్ జిరాక్స్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఆధార్ జిరాక్స్ కాపీ గారి సముఖానికి,

హైదరాబాద్ నుంచి తమరి అసలు యజమాని చేసుకునే విన్నపం. అసలు యజమాని అని నొక్కి చెప్పడానికి కారణం ఉంది. తమరి మీద హక్కుదారులు ఈ ఊళ్లో చాలామంది తేలారు. చదువుకునే రోజుల్లో ఉన్న హాస్టల్ బీరువాలో తమరున్నారు. ఖాళీ చేసి వచ్చేసిన ఫ్లాట్ ఓనర్ గారి ఫోన్‌లో, ఆయన మనవడి పుట్టినరోజు ఫోటోల మధ్య తమరున్నారు. ఆయన కొత్త ఫోన్ కొన్నప్పుడల్లా మనవడితో పాటు తమరిని కూడా జాగ్రత్తగా ఎక్కించుకుంటున్నారు. బ్రోకర్ ఫైల్లో, జిమ్ము రిసెప్షన్ డ్రాయర్లో, గొడుగు కింద సిమ్ములమ్మే కుర్రాడి సంచిలో కూడా తమరే. పెళ్లి శుభలేఖలు కూడా ఇంతమందికి పంచలేదు. వాటికైనా ఎవరెవరికి ఇచ్చామో ఇంట్లో ఒక లిస్టు ఉంది.

తమరి ముందు ఆ ఓటీపీ ఎంత? నాలుగో ఆరో అంకెలు, కొద్ది నిమిషాల ఆయుష్షు. అయినా దానికి జరిగే మర్యాదలు చూడండి. ఎవరికీ చెప్పకండని బ్యాంకువాళ్ల మెసేజి. ఆ మధ్య ఎవరికి ఫోన్ చేసినా రింగుకి ముందు సైబర్ మోసాల హెచ్చరిక. మా పెద్దమ్మయితే ఓటీపీ వస్తే ఫోన్‌ని కొంగు చాటున పెట్టుకుని చూస్తుంది. అదే పెద్దమ్మ తమరి ముందూ వెనకా, పాన్ కార్డు, పాస్‌బుక్ మొదటి పేజీ ఒకే ఫోటోలో పట్టేట్టు తీసి ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టింది. "ఎవరికైనా అవసరమైతే ఉంటుందని" అంది. ముప్ఫైమంది దండం బొమ్మ పెట్టారు. ఎవరికి అవసరం పడుతుందని ఒక్కరూ అడగలేదు.

అవసరమైన వాళ్లు మాత్రం ఉన్నారు. పేరు, పుట్టిన తేదీ, ఇంటి నంబరుతో సహా చిరునామా, పన్నెండంకెలు, పక్కనే బ్యాంకు పేరు. "ఫలానా వీధిలో ఉండే ఫలానా గారేనా?" అని ఫోన్ చేసి నమ్మకం పుట్టించడానికి ఇంతకన్నా ముడిసరుకు ఏం కావాలి? ఓటీపీ అడగడం ఆ సంభాషణలో చివరి మాట. అంతకుముందు మాటలన్నీ తమరిని చూసి చదివినవే. పోలీసులకు ఫిర్యాదు వెళ్లినప్పుడు మాత్రం ఓటీపీ పేరే రాస్తారు, తమరి పేరు ఎక్కడా రాదు. ఆ తెలివికి జోహార్లు.

ఇక తమరి జన్మస్థలం. అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల ఏ జిరాక్స్ షాపుకైనా వెళ్లండి. "అన్నా, గీ నంబర్‌కి వాట్సాప్ కొట్టు" అంటాడు కుర్రాడు, గోడకి అంటించిన కాగితం చూపించి. కంప్యూటర్‌లో వాట్సాప్ వెబ్ పొద్దున షట్టరు ఎత్తినప్పటి నుంచీ తెరిచే ఉంటుంది. మనం పంపిన ఫైలు డౌన్‌లోడ్స్‌లో దిగుతుంది. అక్కడ నిన్నటివాళ్లు, మొన్నటివాళ్లు, పోయిన ఏడాది కౌన్సెలింగ్‌కి వచ్చిన పిల్లలు అందరూ క్షేమం. పీడీఎఫ్‌కి పాస్‌వర్డ్ ఉంది కదా అంటారేమో. ఉంది. ఇంగ్లిషులో పేరులోని మొదటి నాలుగు అక్షరాలు, పుట్టిన సంవత్సరం. రెండూ తమరి ముఖాన అచ్చయ్యే ఉంటాయి. అవి చదివే శ్రమ కూడా ఎవరికీ ఇవ్వం. "పాస్‌వర్డ్ ఏందన్నా?" అని కుర్రాడు అరిస్తే, వెనక క్యూ మొత్తానికి వినబడేలా స్పెల్లింగుతో సహా చెప్తాం. ఇంకు పలచబడి పనికిరాకుండా పోయిన కాపీ కౌంటర్ కింద అట్టపెట్టెలోకి పోతుంది. వెనకవైపు తెల్లగా ఉంది కదా, షాపు లెక్కలు రాసుకోవడానికి పనికొస్తుంది.

అదే మైత్రీవనం పక్కన స్వర్ణజయంతి కాంప్లెక్స్‌లో ఆధార్ జారీ చేసే సంస్థ యూఐడీఏఐ ప్రాంతీయ కార్యాలయం ఉంది. అంటే తమరి పుట్టింటి కిటికీ కిందే ఈ ముచ్చటంతా. పాపం పుట్టింటివాళ్లు తమరిని అదుపులో పెట్టాలని ఒకసారి ప్రయత్నించారు కూడా. 2022 మే 27న బెంగళూరు ప్రాంతీయ కార్యాలయం ఒక ప్రకటన ఇచ్చింది. జిరాక్సులు ఎవరికి పడితే వారికి ఇవ్వకండి, చివరి నాలుగంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ వాడండి, యూఐడీఏఐ లైసెన్సు లేని హోటళ్లూ సినిమా హాళ్లూ కాపీలు పుచ్చుకోకూడదు, నెట్ సెంటర్‌లో డౌన్‌లోడ్ చేస్తే పూర్తిగా తుడిచేసి రండి అని. చక్కటి మాటలు. అందుకే కాబోలు రెండ్రోజులకే, మే 29న, వెనక్కి తీసుకున్నారు. జనం తప్పుగా అర్థం చేసుకునే ప్రమాదం ఉందట, మామూలు జాగ్రత్త చాలట. తమరు అజ్ఞాతవాసం చేసిన కాలం మొత్తం ఆ రెండు రోజులే.

మాస్క్‌డ్ ఆధార్ ఇప్పటికీ వెబ్‌సైట్‌లో పైసా ఖర్చు లేకుండా దొరుకుతుంది. దొరికి ఏం లాభం? మా తమ్ముడు ఎస్సార్ నగర్‌లో ఒక హాస్టల్‌కి అదే పట్టుకెళ్లాడు.

"నంబరు సగం పడలేదు బాబూ, మంచిగ తీయించుకురా."

"అది మాస్క్‌డ్ ఆంటీ, గవర్నమెంటుదే."

"గవర్నమెంటుదైతే నంబరెందుకు దాస్తది? పోలీసోళ్లు చెకింగ్‌కొస్తే నేనేం చూపియ్యాలె?"

వాడు వెళ్లి నిండు అంకెల కాపీ తెచ్చాడు. ఆవిడ దానివైపు చూడనైనా చూడకుండా పంచింగ్ మిషన్‌తో రెండు చిల్లులు పెట్టి ఫైలుకి గుచ్చింది. ఒక చిల్లు సరిగ్గా క్యూఆర్ కోడ్ మీద పడింది. కార్డు అసలుదో నకిలీదో తేల్చేది ఆ చదరమే. కానీ స్కాన్ చేసేవాళ్లెవరు? ఫోటో ఎడిటింగ్ నేర్చిన పిల్లాడెవడైనా తమరిని పది నిమిషాల్లో తయారు చేయగలడు. తమరు దేనికీ రుజువు కారు. అయినా తమరు లేనిదే మంచం ఇవ్వరు.

2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా వచ్చింది. పని తీరాక డేటా తుడిచేయాలంటుంది. కానీ అది డిజిటల్ డేటాకి. బీరువాలో ఉత్త కాగితంగా ఉన్నంతకాలం తమరి జోలికి రాదు. ఆ లొసుగు హాస్టల్ ఆంటీ లా చదవకుండానే పట్టేసింది.

ఒట్టి కాగితం ఏం చేస్తుందిలే అని తమరిని చిన్నచూపు చూసేవాళ్లకి పెద్దపల్లి సంగతి చెప్పాలి. 2018లో అక్కడ ఒక సిమ్ డీలర్ రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లోని భూమి దస్తావేజుల నుంచి వేలిముద్రలు దింపుకుని, రబ్బరు స్టాంపులుగా పోసి, వాటితో సిమ్ములు యాక్టివేట్ చేసి దొరికిపోయాడు. తర్వాత ఆ ఉపాయం ఏఈపీఎస్ వైపు, అంటే ఆధార్‌తో బ్యాంకు డబ్బు తీసే పద్ధతి వైపు, మళ్లింది. అందులో ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర ఉంటే చాలు, ఖాతాలోంచి డబ్బు వస్తుంది. మా పెద్దమ్మ కొంగు చాటున దాచే ఓటీపీ ఆ దారిలో ఎదురే పడదు. ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ అని ఒకటుంది, వేస్తే ఆ దారి మూసుకుంటుంది. పెద్దమ్మ ఫోన్‌లో వేశాను. రేషన్ షాపులో వేలు పడక గొడవైతే నన్నే తిడుతుందని తెలిసే వేశాను.

నాకు తెలియకుండా తమరు నా పేరున కట్టుకున్న కాపురాల లెక్క కూడా తీస్తున్నాను. సంచార్ సాథీ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో నా పేరు మీద ఎన్ని నంబర్లున్నాయో కనిపిస్తుంది. క్రెడిట్ రిపోర్టు ఏడాదికొకసారి ఉచితంగా ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ నియమం, అందులో నేను ఎరగని అప్పులేమైనా ఉంటే బయటపడతాయి. ఏదైనా తేడా కనిపిస్తే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తాను. అప్పుడు తమరి పేరు కూడా రాయిస్తాను, ఈసారి తప్పించుకోలేరు.

ఇకపై తమరు గడప దాటితే ఒంటి మీద అడ్డంగా రాసి పంపుతాను: ఎవరికి, ఎందుకు, ఏ తేదీన. రాత అంకెల మీదికీ ఫోటో మీదికీ పాకుతుంది. అందం చెడిందని అలగొద్దు, ఆ ఫోటోకి కొత్తగా చెడేదేమీ లేదు. షాపులో ప్రింటు తీశాక కుర్రాడు ఫైలు డిలీట్ చేసి, రీసైకిల్ బిన్ ఖాళీ చేసేదాకా కౌంటర్ దగ్గరే నిలబడతాను. "ఏంది లొల్లి, జల్ది కానియ్" అని వెనకవాళ్లు అంటారు. అననివ్వండి.

ఇట్లు,
తమరి ఒరిజినల్

(అడ్డంగా, సంతకంతో: ఈ ప్రతి చదువుకోవడానికి మాత్రమే. అప్పుకి, సిమ్ముకి, అద్దె అగ్రిమెంటుకి చెల్లదు.)