వాన సాయంత్రం, రెండు గీతల మొగుడు

ఆయన: నువ్వు రంగు సుద్దలతో (పాస్టెల్స్) గీస్తున్న ఈ వీధి బొమ్మలో నేనెక్కడున్నానే?

ఆవిడ: బస్సు పక్కన, గొడుగు కింద.

ఆయన: అది గొడుగా! ఊదా మచ్చ. నా గొడుగు నల్లటిది కదా?

ఆవిడ: ఉత్త నలుపు పూస్తే కాగితానికి చిల్లు పడ్డట్టుంటుందండీ. ముదురు నీలం మీద ముదురు గోధుమరంగు పైపైన లాగితే చాలు, నలుపే అనిపిస్తుంది.

ఆయన: మరి నా మొహం?

ఆవిడ: అంత దూరానికి మొహమేం కనిపిస్తుంది? తలకో చుక్క, ఒంటికి రెండు గీతలు.

ఆయన: రెండోది వంకరపోయిందేం?

ఆవిడ: పొట్ట.

ఆయన: సరేలే. దీపం కింద రంగు కారిపోతోంది, చూసుకో.

ఆవిడ: తడి రోడ్డు మీద దాని వెలుగండీ అది. తిన్నగా కిందికి లాగి, అడ్డంగా రెండుచోట్ల తెంపాలి. ఏటవాలుగా లాగితే రోడ్డు జారుడుబండ అవుతుంది.

ఆయన: దీపం మాత్రం వెలగట్లేదు. ఇంకాస్త పసుపు దట్టించు.

ఆవిడ: దట్టిస్తే వెలగదు. చుట్టూ ఉన్న నీలాన్ని ముదరనివ్వాలి. బూడిదరంగు కాగితం తెచ్చుకున్నది కూడా అందుకే. తెల్ల కాగితమైతే గీతల సందుల్లో ఖాళీలన్నీ మెరిసి, దీపం వెలవెలబోతుంది.

ఆయన: ఫ్రెంచి చిత్రకారుడు మోనే 1872లో వేసిన ‘ఇంప్రెషన్, సన్‌రైజ్’లో సూర్యుడి చుట్టూ ముదురుందా మరి?

ఆవిడ: లేదు. దాన్ని నలుపు తెలుపు ఫొటోగా మార్చి చూడండి, సూర్యుడు మబ్బులో దాదాపు కలిసిపోతాడు. వెలుగు ఇంచుమించు సమానమే, నారింజ పక్కన బూడిద నీలం ఉండబట్టి మండుతున్నాడు. అది పొగమంచు పొద్దు, నాది దీపాలవేళ. అయ్యో, ఆ వేలు!

ఆయన: కాస్త నున్నగా చేద్దామని...

ఆవిడ: నీలం, నారింజ కలిపి రుద్దితే బురదేనండీ! పక్కపక్కన విడివిడి గీతలుగా ఉంటేనే కళ. పైగా కాగితం గరుకంతా పొడితో పూడిపోయింది, ఇక పైన ఏం గీసినా పట్టదు.

ఆయన: రబ్బరు తేనా?

ఆవిడ: రబ్బరు ఇంకా లోపలికి నూరుతుంది. ఆ గట్టి కుంచె ఇలా ఇవ్వండి. కాగితం నిలబెట్టి దులపాలి... హమ్మయ్య, బురద పోయింది.

ఆయన: నేనూ పోయానే!

ఆవిడ: వీధి ఎంత ప్రశాంతంగా ఉందో!

ఆయన: మళ్ళీ గీయవే.

ఆవిడ: ముందు ఫిక్సేటివ్, అదే రంగుపొడి రాలకుండా పట్టి ఉంచే స్ప్రే, కొట్టనివ్వండి. అడుగు దూరం నుంచి, పల్చగా. అది పడితే లేత రంగులు కాస్త మందగిస్తాయి, అందుకని మెరుపులన్నీ ఆఖర్నే.

ఆయన: నేను మెరుపా, ముదురా?

ఆవిడ: ఈసారి గొడుగొక్కటే గీస్తా. కింద మనిషున్నాడని చూసేవాళ్ళే అనుకుంటారు.