శూన్యానికి కూలీ ఎందుకివ్వాలి?

స్ప్లిట్ ఏసీలు బిగించే వృత్తిలోకి ఈ మధ్య ఒక ప్రమాదకరమైన రకం మనుషులు చొరబడుతున్నారు. ప్రజాహితం కోరి వాళ్ళ ఆనవాళ్ళు ముందే చెబుతున్నాను. సంచి బరువుగా ఉంటుంది. అందులోంచి ఒక పంపు, ఒక గేజి, నట్టు బిగింపుని కొలిచే ఒక టార్క్ రెంచి, ఒక రసమట్టం బయటికొస్తాయి. ఇంట్లో అడుగుపెట్టగానే ఏసీ కేసి చూడరు, కరెంటు బోర్డు కేసి చూస్తారు. "ఎర్త్ ఉందాండీ?" అని అడుగుతారు. అన్నిటికన్నా ఘోరం ఏమిటంటే, అట్టపెట్టెలోంచి మాన్యువల్ తీసి చదువుతారు. పని తెలిసినవాడికి పుస్తకంతో పనేమిటన్న అనుమానం మీకు కలుగుతుంది. ఆ అనుమానాన్ని అణచుకోకండి.

వీళ్ళకు పూర్తి విరుద్ధంగా మన సంప్రదాయ నిపుణుడున్నాడు. ఒక డ్రిల్లు, రెండు స్పానర్లు, చెవికీ భుజానికీ మధ్య ఇరికించిన ఒక ఫోను. అవతల ఇంకో ఇంటివాళ్ళకు "పది నిమిషాల్లో ఉంటానండీ" అని మాటిస్తూనే మన గోడకు బెజ్జం పెట్టేస్తాడు. కాసేపటికే చల్లగాలి వచ్చేస్తుంది. ఆ గాలే ఆయన సర్టిఫికెట్. అది రెండో వేసవి దాకా వస్తుందా రాదా అనేది తయారీదారుడు చూసుకోవాల్సిన విషయం.

ఏసీ కొనేటప్పుడు మనం చేసే తపస్సు సామాన్యమైనది కాదు. ఒక టన్ను అంటే గంటకు 12,000 బీటీయూల వేడిని బయటికి తోయడమని మనకు తెలుసు. స్టార్లు లెక్కపెడతాం. ఫోన్‌లోంచి ఆన్ చేయొచ్చా అని అడిగి, చేయొచ్చంటే ఇంకో మోడల్ చూపించమంటాం. ఇంత చేసి ఇంటికి తెచ్చుకునేది సగం తయారైన యంత్రమన్న సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. కిటికీ ఏసీ అయితే ఫ్యాక్టరీలోనే సీలు పడి వస్తుంది. స్ప్లిట్ రెండు ముక్కలుగా వస్తుంది. ఆ ముక్కల్ని రాగి పైపులతో కలిపి, గ్యాస్ తిరిగే వలయాన్ని పూర్తి చేయాల్సింది మన గోడ దగ్గరే. అంటే తయారీలో ఆఖరి అంకం ఫ్యాక్టరీలో కాదు, నిచ్చెన మీద జరుగుతుంది. కొనేవాళ్ళను కలవరపెట్టే నిజం కాబట్టి దీన్ని ఎక్కువ ప్రచారం చేయకూడదు.

ఇక అసలు వివాదానికి వద్దాం. పైపులు కలిపాక వాటిలో గాలి ఉంటుంది, గాలితో పాటు తేమ ఉంటుంది. కొత్తరకం మెకానిక్ ఏమంటాడంటే, ఈ రెండూ పూర్తిగా బయటికి పోవాలట. దానికి వ్యాక్యూమ్ పంపు తగిలిస్తాడు. బయట మన చుట్టూ ఉన్న గాలి పీడనం 7,60,000 మైక్రాన్లు (ఇక్కడ మైక్రాన్ అంటే పొడవు కాదు, పీడనం కొలత). దాన్ని పైపుల లోపల 500కి దించేదాకా ఊరుకోడు. 25 డిగ్రీల దగ్గర నీళ్ళు మరగాలంటే పీడనం సుమారు 24,000 మైక్రాన్లకు పడిపోవాలని, అంతకన్నా బాగా కిందికి దించితేనే పైపుల్లో దాగిన తడి ఆవిరై పంపులోంచి పోతుందని వివరిస్తాడు. పోనీ 500 వచ్చాకైనా లేస్తాడా? లేవడు. పంపు ఆపేసి, గేజి మళ్ళీ పైకి పాకుతుందేమోనని కాసుకుని కూర్చుంటాడు. పాకితే ఎక్కడో లీకు ఉన్నట్టు, లేదా తడి మిగిలినట్టు.

ఇంటి యజమాని వైపు నుంచి ఈ దృశ్యాన్ని ఒక్కసారి చూడండి. పంపు డబడబా కొట్టుకుంటోంది. చల్లదనం లేదు. మనిషి గోడకానుకుని గేజి చూస్తున్నాడు. "ఏం బాబూ, ఇంకెంతసేపు?" అంటే "లోపల ఏమీ లేకుండా చేస్తున్నానండీ" అంటాడు. ఏమీ లేకుండా చేయడానికి మనిషి కావాలా? దానికి కూలీ కూడానా? ఏదైనా ఇస్తే డబ్బులిస్తాం గానీ, ఏమీ లేనితనాన్ని కొలిచి అప్పగిస్తానంటే ఎలా?

మన నిపుణుడి పద్ధతి ఇంత వేదాంతంగా ఉండదు. ఔట్‌డోర్ యూనిట్‌లో ఫ్యాక్టరీవాళ్ళు నింపి పంపిన గ్యాస్‌నే కొంచెం వదులుతాడు. రెండో కొసన నట్టు వదులు చేస్తాడు. "స్స్..." అంటుంది. గాలంతా పోయిందా లేదా అన్నది చెవితోనే తేల్చేసి నట్టు బిగిస్తాడు. మిగిలిపోయిన గాలి, గ్యాస్‌ని ద్రవంగా మార్చే కండెన్సర్‌లో ఎంత నొక్కినా ద్రవంగా మారదు. ఊరికే చోటు ఆక్రమించి పీడనం పెంచుతుంది, కరెంటు బిల్లు పెంచుతుంది. మిగిలిపోయిన తేమ కంప్రెసర్ ఆయిల్‌తో కలిసి ఆమ్లంగా మారి మోటారు వైండింగుని తింటుంది. అయితే ఒక్కరోజులో తినదు, నిదానంగా తింటుంది. ఆ నిదానమే మన సంప్రదాయానికి పెట్టని కోట. కంప్రెసర్ కాలే వేళకు నిపుణుడి ఫోన్ నంబరు మారిపోయి ఉంటుంది.

ఆ "స్స్" అన్న గ్యాస్ ఎక్కడికి పోయిందని అడిగే పర్యావరణవాదులు కొందరుంటారు. ఏసీల్లో నింపే ఆర్-410ఏ అనే గ్యాస్ ఒక కిలో గాల్లో కలిస్తే, వందేళ్ళ లెక్కన రెండు వేల కిలోల పైచిలుకు కార్బన్ డయాక్సైడ్ వదిలినంతగా భూమిని వేడి చేస్తుందట. ఆర్-32 అయితే 675 కిలోలంత. ఇలాంటి గ్యాసుల వాడకం తగ్గించుకుందామని 2016లో రువాండా రాజధాని కిగాలీలో ప్రపంచ దేశాలు కూర్చుని ఒప్పందం చేసుకున్నాయి. ఆ సమావేశానికి మన నిపుణుణ్ణి ఎవరూ పిలవలేదు. పిలవని పేరంటానికి కట్టుబడి ఉండాల్సిన అగత్యం ఆయనకేముంది?

పైగా ఆర్-32కి కొద్దిగా మండే గుణం ఉంది. అందుకే గదిలో ఎంత గ్యాస్‌కి కనీసం ఎంత వైశాల్యం ఉండాలో మాన్యువల్‌లో పట్టిక వేసి మరీ ఇస్తారు. అది మండితే హైడ్రోజన్ ఫ్లోరైడ్ అనే విషవాయువు పుడుతుంది. కాబట్టి గ్యాస్ వదిలేటప్పుడు నోట్లో సిగరెట్టు ఉండాలా వద్దా అన్న చర్చ కొత్తరకం వాళ్ళు లేవదీస్తారు. మన నిపుణుడు ఆ చర్చలోకి దిగడు. మాట్లాడాలంటే నోట్లోంచి సిగరెట్టు తీయాలి.

రాగి పైపు సంగతి చూద్దాం. పైపుని కట్టర్‌తో కోసి, మూతి కిందికి వంచి, రజను లోపల పడకుండా అంచు శుభ్రం చేసి, కొసని సన్నాయి మూతిలా విప్పాలి. దీన్నే ఫ్లేర్ అంటారు. విప్పడానికి ముందే నట్టు ఎక్కించాలి. విప్పాక నట్టు గుర్తొస్తే ఆ కొస కోసి పారేసి మళ్ళీ మొదలుపెట్టాలి. ప్రపంచంలో ఎక్కడి మెకానిక్‌నైనా ఈ విషయం అడగండి, నవ్వి మాట మారుస్తాడు. ఇంతవరకు ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా బిగింపు దగ్గర. పావు అంగుళం పైపు నట్టుని సుమారు 14 నుంచి 18 న్యూటన్ మీటర్ల దాకా బిగించాలని టార్క్ రెంచి వాళ్ళంటారు. మన నిపుణుడికి చెయ్యే చెబుతుంది. ఆయన చేతికి రెండే మాటలు వచ్చు. ఒకటి "ఇంకొంచెం", రెండోది "అయ్యో". ఎక్కువ బిగిస్తే రాగి పలచబడి చిట్లుతుంది, తక్కువ బిగిస్తే కారుతుంది. ఎటు జరిగినా మళ్ళీ వేసవికి ఆయనే వచ్చి "గ్యాస్ అయిపోయిందండీ" అంటాడు. సీలు పడిన వలయంలో తిరిగే గ్యాస్ ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే కారినట్టే. కానీ ఏటా ఒకసారి గ్యాస్ పట్టించుకోవడం చాలా ఇళ్ళలో ఆచారం స్థాయికి చేరింది. ఆచారాల్ని ప్రశ్నించడం పెద్దరికం అనిపించుకోదు.

కరెంటు గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే మన సంప్రదాయంలో కూడా దాన్ని క్లుప్తంగానే ముగిస్తారు. ఏసీకి విడిగా ఒక లైను, దానికి తగిన ఎంసీబీ (కరెంటు మితిమీరితే తనంతట తానే ఆగిపోయే స్విచ్), తగిన మందం ఉన్న వైరు, పనిచేసే ఎర్త్ ఉండాలంటారు. ఉన్న సాకెట్ ఎదురుగా కనిపిస్తుంటే ఇదంతా ఎవరు పెట్టుకుంటారు? వైరు చాలకపోతే ఇంకో ముక్క మెలిపెట్టి టేపు చుడతారు. స్క్రూ వదులైన టెర్మినల్ వేడెక్కి నల్లబడుతుందన్నది నిజమే గానీ, పైన మూత ఉంటుంది కాబట్టి కనపడదు. ఇన్వర్టర్ ఏసీ లోపలి బోర్డు మీద కరెంటు నిల్వ ఉంచే కెపాసిటర్లు స్విచ్ ఆపాక కూడా కొన్ని నిమిషాల పాటు 300 వోల్టుల పైచిలుకు పట్టుకుని ఉండగలవు. ఆ వోల్టులు ఉన్నాయో లేవో మీటరుతో చూసేవాడు పిరికివాడు, వేలితో చూసేవాడు నిపుణుడు.

డ్రెయిన్ పైపు ఇంకా చిన్న విషయం. నీళ్ళు పల్లానికే పోతాయి. గోడ బెజ్జం బయటికి కొంచెం వాలుగా ఉండాలనడం, పైపు మధ్యలో పైకి లేవకూడదనడం నీటి మీద అపనమ్మకం తప్ప మరొకటి కాదు.

చలిదేశాల పాఠకులు తమను మర్చిపోయానని అనుకోవద్దు. ఇదే యంత్రంలో నాలుగు దారుల వాల్వు ఒకటి పెట్టి గ్యాస్ ప్రవాహాన్ని తిప్పితే అది హీట్ పంపు అవుతుంది, బయటి చలిగాలిలోంచే వేడి లాగి గదిలోకి తెస్తుంది. భౌతిక శాస్త్రవేత్త కెల్విన్ ఈ ఆలోచన 1852లోనే రాశాడు. వాతావరణం మరీ చల్లగా లేకపోతే ఒక యూనిట్ కరెంటుకి మూడు యూనిట్ల వేడి దాకా ఇస్తుంది. ఇంత ఇచ్చేది ఒక్క షరతు పెడుతుంది. ఇప్పుడు తడి కారేది లోపల కాదు, బయట. ఔట్‌డోర్ కాయిల్ మీద మంచు పేరుకుంటుంది, యంత్రం అప్పుడప్పుడూ తనంతట తాను దాన్ని కరిగించుకుంటుంది, నీళ్ళు కిందికి కారి మళ్ళీ గడ్డకడతాయి. అందుకే మంచు పడే ఎత్తుకన్నా పైన, మనుషులు నడవని చోట పెట్టమంటారు. మన నిపుణుడు దాన్ని సరిగ్గా వాకిలి మెట్ల పక్కన పెడతాడు. కరిగించుకునే వేళ పొగలాంటి ఆవిరి లేచినప్పుడు ఇంటిల్లిపాదీ కంగారుగా బయటికి పరిగెడతారు. జారిపడటానికి మెట్ల మీద ఐసు సిద్ధంగా ఉంటుంది.

ఇల్లు మారేటప్పుడు ఏసీ విప్పడం కూడా ఈ శాస్త్రంలో భాగమే. సన్న పైపు వాల్వు మూసి, కంప్రెసర్ నడిపి, గ్యాసంతా ఔట్‌డోర్‌లోకి లాక్కున్నాక లావు పైపు వాల్వు మూయాలి. వెంటనే కంప్రెసర్ ఆపాలి. ఆ తర్వాతే నట్లు విప్పాలి. "ఆలస్యం అమృతం విషం" అన్నారని కంప్రెసర్ నడుస్తుండగానే నట్టు విప్పే త్వరితగతి పద్ధతి ఒకటుంది. కొంత సమయం కలిసొస్తుంది. అయితే తెరుచుకున్న పైపులోంచి గాలి లోపలికి పోయి, ఆయిల్‌తో కలిసి, కంప్రెసర్‌లో విపరీతంగా నలిగి, వేడెక్కి పేలే అవకాశం ఉంది. ఇలా పేలి చనిపోయిన మెకానిక్‌లు ఉన్నారు. లీకు చూడటానికి నైట్రోజన్ దొరకలేదని ఆక్సిజన్ సిలిండర్ తగిలించినవాళ్ళకూ అదే గతి పట్టవచ్చు. ఈ రెండు పద్ధతుల్నీ పొగిడే మాట కోసం చాలాసేపు వెతికాను. దొరకలేదు.

కాబట్టి ప్రభువులకు నా విన్నపాలు ఇవి. వ్యాక్యూమ్ పంపుల్ని వెంటనే నిషేధించాలి. మాన్యువళ్ళను అట్టపెట్టెలోనే ఉంచి, విప్పకుండా పాతకాగితాలవాడికి అమ్మేలా చట్టం తేవాలి. "అయిపోయిందా?" అని ఐదు నిమిషాలకోసారి అడిగే హక్కును ఇంటి యజమానుల ప్రాథమిక హక్కుల్లో చేర్చాలి. ముఖ్యంగా, మేడ మీద గోడ బయటి వైపు నలభై కిలోల యూనిట్ ఎత్తి పెట్టాల్సి వచ్చినప్పుడు, నడుముకు బెల్టు కట్టుకుంటానని, తాడు పట్టుకోవడానికి ఇంకో మనిషి కావాలని పేచీ పెట్టేవాళ్ళను గుమ్మంలోంచే పంపేయాలి. ఒక కాలు కిటికీ అంచు మీద, ఒక కాలు గాల్లో పెట్టి ఒంటిచేత్తో బోల్టు బిగించేవాళ్ళు ఇంకా దొరుకుతున్నారు. బెల్టుకైతే మనం డబ్బులివ్వక్కర్లేదు. ఆ రెండో మనిషికే ఇవ్వాలి.