కేశవన్‌గారు మళ్లీ వచ్చారుగా!

స్వాతంత్ర్యం వచ్చాక కలకత్తా నేషనల్ లైబ్రరీకి తొలి లైబ్రేరియన్ అయిన బి.ఎస్. కేశవన్‌గారి గురించి మీ వ్యాసంలో రాస్తూ, ఆయన ఆ లైబ్రరీ వదిలిన 1962 దగ్గరే ఆపేశారేంటండీ? తర్వాతే అసలు కథ. ఢిల్లీలో ఇన్‌స్‌డాక్ (శాస్త్ర సమాచార పత్రాలు సేకరించి అందించే జాతీయ కేంద్రం) డైరెక్టర్‌గా చేసి, 1970లో మళ్లీ నేషనల్ లైబ్రరీ ఉన్న అదే బెల్వెడేర్ భవనానికి లైబ్రేరియన్‌గా వచ్చారు. కొద్దికాలమే అనుకోండి. డెబ్బై దాటాక భారతీయ ముద్రణ చరిత్ర మూడు సంపుటాలు తెచ్చారు, రెండోదాంట్లో మన ఆంధ్ర అచ్చు సంగతులూ ఉన్నాయి.

ఆయన హయాంలో మొదలైన జాతీయ గ్రంథసూచిలో (దేశంలో అచ్చయ్యే పుస్తకాల జాబితా) తెలుగు పుస్తకాల పేర్లు కూడా రోమన్ లిపిలోనే ఉంటాయి. ణ, ళలకు వాడే n, l అక్షరాల కింద చుక్కలు. కాలేజీ రోజుల్లో కూడబలుక్కుని పైకే చదువుతుంటే, పక్క టేబుల్ పెద్దాయన "మెల్లగా బాబూ" అనేవారు.