రోజూ నీళ్ళు పోసేవాళ్ళకి ఓ దండం

మా పర్లాకిమిడిలో ఈమధ్య ఎవరింటికి పేరంటానికెళ్ళినా టీవీ పక్కన ఓ పీస్ లిల్లీ మొక్క. గృహప్రవేశాలకీ అదే గిఫ్టు. రెండు నెలలాగి మళ్ళీ వెళ్తే ఖాళీ కుండీ. "ఏటోనమ్మా, రోజూ నీళ్ళు పోస్తూనే ఉన్నాను, చచ్చిపోనాది" అంటారు. రోజూ పోశారు గనకే పోయింది తల్లీ!

నేనేమీ తక్కువ తినలేదు. నా మొదటి మొక్కని నేనే చంపుకున్నాను. ఓ పొద్దున్న చూస్తే ఆకులన్నీ తడిగుడ్డల్లా కుండీ అంచు మీదకి వాలిపోయున్నాయి. దాహమేమో అని చెంబుడు పోశాను. సాయంత్రానికి ఇంకా వాలింది, ఇంకో చెంబు. నాలుగు రోజులకి పీకి చూస్తే వేళ్ళు గోధుమరంగుకి తిరిగి, పట్టుకుంటే తొక్క చేతికొచ్చేస్తోంది. మురిక్కాలవ కంపు. చిక్కంతా ఇక్కడే. దాహమేసినా వాలుతుంది, వేళ్ళు కుళ్ళినా వాలుతుంది. పైకి రెండూ ఒకలాగే ఉంటాయి. మట్టిలో వేలు రెండు కణుపుల దాకా దింపండి. పొడిగా తగిలితే కింద కన్నంలోంచి కారేదాకా పోయండి, కొన్ని గంటల్లో లేచి నిలబడుతుంది. తడి తగిలితే చెంబు పక్కన పెట్టి మీ పని చూసుకోండి. కన్నం లేని ఆ పింగాణీ కుండీలున్నాయే, వాటిలో పెట్టడమంటే మొక్కని బావిలో తొయ్యడమే.

"వారానికి రెండుసార్లు పోయండి" అని వీడియోల్లో చెప్తారు. ఏప్రిల్ ఎండా, మహేంద్రతనయ నిండుగా పారే శ్రావణమూ ఒకటేనా?

ఇంకోటి, ఇది లిల్లీయే కాదు. పక్కింటి మావుసి (ఒడియాలో పిన్ని) చూడగానే "ఏ తొ సారు గొచ్ఛొ పొరి" అంది. అంటే చేమ మొక్కలా ఉందని. అక్షరాలా నిజం. చేమ, కంద, ఇది అన్నీ ఒకే కుటుంబం. మనం పువ్వనుకునే తెల్లరేకు ఒక రకం ఆకు. అసలు పువ్వులు మధ్యలో కంకి మీదుండే బుడిపెలు. పచ్చి చేమాకు కొరికితే గొంతు దురదెందుకు పెడుతుందో ఇదీ అందుకే పెడుతుంది, ఆకులో కాల్షియం ఆక్సలేట్ అనే పదార్థం కంటికి కనపడని సూదుల్లా ఉంటుంది. పాకే పిల్లలున్నా, పిల్లి ఉన్నా అందకుండా పెట్టండి. బంధుత్వం ఉంది కదాని చేమలా బురదలో ఉంచకండి మళ్ళీ.

కొన్నచోట నాకు "గాలి శుభ్రం చేస్తాది, నాసావోళ్ళే చెప్పారు" అని అంటగట్టారు. 1989లో నాసా పరీక్షించింది గాలి చొరకుండా బిగించేసిన చిన్న పెట్టెల్లో. కిటికీలూ తలుపులూ ఉన్న మన ఇళ్ళలో కాదు. 2019లో పాత ప్రయోగాలన్నీ కలిపి లెక్కేస్తే, మామూలుగా ఇంట్లోకి వచ్చిపోయే గాలి చేసే పని చెయ్యడానికి చదరపు మీటరుకి 10 నుంచి 1000 మొక్కలు కావాలని తేలింది. మా హాల్లో అన్ని పెడితే మేం పడుకోడానికి పక్కూరు పాతపట్నం పోవాలి. కిటికీ తెరుచుకోండి, డబ్బులక్కర్లేదు.

"చీకట్లో కూడా పెరుగుతాది" అన్నది సగం అబద్ధం. తక్కువ వెలుతురులో బతుకుతుంది, కానీ సరిగ్గా పూయదు. నేరుగా ఎండ తగిలితే ఆకు మాడుతుంది. తూర్పు కిటికీ దగ్గర, పరదా చాటున పెట్టాకే నాది పూసింది. ఆకు కొసలు మాడుతుంటే బోరునీళ్ళ ఉప్పు కూడా కారణం కావచ్చు. నేను వాననీళ్ళు బకెట్లో పట్టి ఉంచుతున్నాను.

ఇప్పుడున్నది మూడోది, రెండు పూలతో బాగానే ఉంది. కాకపోతే మా అత్తగారు తులసికోట దగ్గర మిగిలిన చెంబునీళ్ళు నేను చూడకుండా దాన్లో వంచేస్తున్నారు. ఆవిడకెలా చెప్పాలో మీరే చెప్పండి.