గర్భస్థ శిశువుకు సర్క్యులర్

టీచరమ్మ ప్రసూతి సెలవు ఏ రోజు మొదలుపెట్టాలన్న విషయం మీద మా పర్లాకిమిడిలో అభిప్రాయం లేని మనిషి లేడు. హెచ్చెమ్ గారికి ఉంది, గుమస్తాకి ఉంది, స్కూలు ఆటో అబ్బాయికి ఉంది, వాచ్‌మన్‌కి రెండున్నాయి. కడుపుతో ఉన్న టీచరమ్మకి కూడా ఒకటి ఉండొచ్చునని కొందరు అనుమానిస్తున్నారు గానీ, ఆధారాలు ఇంతవరకూ దొరకలేదు. ఆవిడని ఎవరూ అడగలేదు మరి.

ఇన్ని అభిప్రాయాలనూ వడగడితే చివరికి మిగిలే మాట ఒక్కటే: "ఇంకో పది రోజులు లాగించేయమ్మా." ఏడో నెలలో అడిగినా అదే జవాబు, తొమ్మిదో నెలలో అడిగినా అదే. ఈ పది రోజుల మహిమ ఏమిటంటే అవి ఎన్నటికీ పూర్తి కావు. యూనిట్ టెస్టు అయ్యేదాకా పది రోజులు. పేపర్లు దిద్దేదాకా పది రోజులు. యాన్యువల్ డే అయ్యేదాకా ఇంకో పది. ఆ యాన్యువల్ డేకి పిల్లలకు డాన్సు నేర్పే బాధ్యత కూడా మా సైన్సు టీచరమ్మకే ఇచ్చారు. స్టెప్పులు వేసి చూపించక్కర్లేదట, నోటితో చెప్తే చాలట. అంత దయగల మేనేజ్‌మెంటు.

గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరండీ మాది. టీచరంటే ఇక్కడ చిన్న మాట కాదు. కాకపోతే 1936లో రాష్ట్రాల గీత గీసినప్పుడు మేము ఒడిశాలో పడ్డాం, పక్కనున్న పాతపట్నం ఆంధ్ర వైపు ఉండిపోయింది. అందుకని మా కోడళ్లలో చాలామందికి ఉద్యోగం గీతకు ఇటు, పురుడు పోసే పుట్టిల్లు గీతకు అటు. అటు బళ్లు జూన్ 12న తెరుస్తారు. ఇటు ఏప్రిల్‌లోనే కొత్త తరగతులు మొదలుపెట్టి, ఎండకి జడిసి పొద్దుటి బడి నడిపి, అప్పుడు సెలవులిస్తారు. "ఏప్రిల్ వచ్చీసింది కదేటమ్మా, ఇంకా బడేటి?" అని టెక్కలి నుంచి అమ్మ ఫోన్లో అడుగుతుంది. ఆవిడకి ఒడిశా కేలండరు బోధపరచడం కన్నా నొప్పులు పడటమే తేలిక.

వేసవి సెలవుల్లో కనడం ఉత్తమురాలైన టీచరు లక్షణమని మా కరెస్పాండెంట్ గారి నమ్మకం. సెలవు మొదలయ్యాక ఆదివారాలు, పండగలు, వేసవి సెలవులు అన్నీ అందులోనే కొట్టుకుపోతాయి కాబట్టి స్కూలుకి నష్టం తక్కువ. "కాస్త ప్లానింగ్ ఉండాలమ్మా" అంటారాయన, ముగ్గురు పిల్లల తండ్రి. ఇక్కడ ఒక చిక్కుంది. మన పెద్దవాళ్లు కొత్త కోడలిని ఆషాఢంలో పుట్టింటికి పంపింది ఎందుకు? ఆ నెలలో కడుపు పడితే పురుడు ఎండాకాలంలో వస్తుంది, తల్లీబిడ్డా తట్టుకోలేరని. అంటే ఏ నెలలో కనకూడదని తాతముత్తాతలు ఏకంగా ఒక ఆచారమే పెట్టారో, సరిగ్గా ఆ నెలలోనే కనమని ఈయన ప్లానింగు. శాస్త్రం ఒకవైపు, సిలబస్ ఒకవైపు. మధ్యలో మొగుడూ పెళ్లాలు ఎవరి మాట వినాలో తెలియక గోడకున్న కేలండరు వంక చూస్తూ పడుకోవాలి.

ఎవరూ చూడరు కాబట్టి చట్టం ఏమంటుందో కూడా ఒకసారి చూద్దాం. 1961 నాటి చట్టాన్ని 2017లో సవరించి, మొదటి ఇద్దరు బిడ్డలకు 12 వారాల సెలవును 26 వారాలు చేశారు. ప్రసవం తేదీకి ముందు అందులో 8 వారాలకు మించి వాడుకోకూడదు. మిగతాది తర్వాత. ప్రభుత్వ బడి టీచరుకైతే 180 రోజులు. ఆరు నెలలదాకా బిడ్డకి తల్లిపాలు తప్ప ఇంకేమీ పట్టొద్దని డాక్టర్లంటారు. 26 వారాలంటే ఆరు నెలలు. ముందే 8 వారాలు వాడేస్తే బిడ్డకు మిగిలేవి 18, అంటే నాలుగు నెలలు చిల్లర. ముందు తీసుకున్న ప్రతి రోజూ తర్వాత తెగిపోయే రోజే.

అందుకే ఆవిడ కూడా లాగుతుంది. మీ సిలబస్ కోసం కాదు. కాళ్లు వాచి చెప్పులు పట్టకపోయినా, రాత్రి నిద్ర లేకపోయినా, ఈ వారం ఓర్చుకుంటే అన్నప్రాశన నాటికి ఇంట్లో ఉండొచ్చని వేలు మడిచి లెక్క చూసుకుంటూ వస్తుంది. ఆ తేదీ కూడా నికరం కాదాయె. చివరి నెలసరి మొదటి రోజు నుంచి 280 రోజులు లెక్కేసి డాక్టరమ్మ తేదీ రాస్తుంది గానీ, సరిగ్గా ఆ రోజున పుట్టేది నూటికి నలుగురైదుగురే. ఇంత కష్టమైన లెక్క చేయవలసింది ఆవిడ, ఆవిడ డాక్టరు. చేస్తున్నది స్టాఫ్ మీటింగు.

ఆ మీటింగు గురించి చెప్పకపోతే విద్యాచరిత్రకు లోటు జరుగుతుంది. ఫిబ్రవరిలో పెట్టారు. ఎజెండాలో మొదటిది యాన్యువల్ పరీక్షలు, రెండోది బస్సు ఫీజు బకాయిలు. ఆ రెండూ టీ వచ్చేలోపే తేలిపోయాయి. మూడోది: సైన్సు టీచరు గారి డెలివరీ.

డాక్టరమ్మ ఇచ్చిన తేదీ మార్చి రెండో వారం. పరీక్షలూ అప్పుడే. ఈ తేదీ ఎవరు ఖరారు చేశారని కరెస్పాండెంట్ గారు అడిగారు. డాక్టరని చెప్పగా, స్కూలుతో ఒక్క మాటైనా అనకుండా ఎలా ఇచ్చేశారని నొచ్చుకున్నారు. లెక్కల మేష్టారు బోర్డు దగ్గరకు వెళ్లి, 280లో ఆదివారాలు, పండగలు, తుపాను సెలవులు కలపడం అన్యాయమని, పని దినాలు మాత్రమే లెక్కిస్తే బిడ్డ వచ్చే దసరాకు గానీ పుట్టనవసరం లేదని నిరూపించారు. అదీ దసరా సెలవుల్లోనే. చప్పట్లు పడ్డాయి.

తెలుగు మేష్టారు పంచాంగం తీశారు. సిజేరియన్‌కి ముహూర్తం పెట్టించుకోవడం ఈ రోజుల్లో కొత్తేం కాదు, ఇళ్లల్లో మామగార్లు పెట్టిస్తూనే ఉన్నారు. ఆ బాధ్యత బడి తీసుకోవడమే కొత్త. పరీక్షలైన మర్నాడే దివ్యమైన నక్షత్రం ఉందని ఆయన తేల్చారు. పరీక్షల రోజుల్లో మాత్రం వరసగా వర్జ్యమే. పీఈటీ మేష్టారు టీచరమ్మని ఆ చివరి నుంచి ఈ చివరికి ఒకసారి నడవమని, "పొట్ట ఇంకా జారలేదు, టైముంది" అన్నారు. ఆయన నైపుణ్యం ఖోఖోలో.

సీనియర్ మేడం లేచారు. "మా పెద్దోడు పుట్టిన రోజు పొద్దున్న మూడు పీరియడ్లు చెప్పేను. నొప్పులొస్తుంటే బోర్డు పట్టుకుని నిలబడ్డాను గానీ క్లాసు వదల్లేదు." ఈ మేడం ప్రతి స్కూల్లోనూ ఒకరుంటారు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ కథలో ఒక్క పీరియడే ఉండేది. ఆవిడ రిటైరయ్యే నాటికి ప్రసవం కూడా క్లాసులోనే అయిపోతుంది, పిల్లలు నోట్సు రాసుకుంటుండగా.

తర్వాత పదో తరగతి పునరుత్పత్తి పాఠం సమస్య వచ్చింది. ఆవిడ వెళ్లిపోతే ఆ పాఠం రివిజన్ ఎవరు చేయిస్తారని హెచ్చెమ్ గారు బెంగపడ్డారు. నిజానికి మా బడిలో ఆ పాఠం ఎవరూ చెప్పరు. ఆ పేజీల దగ్గరకు రాగానే "ఇది ఇంట్లో చదువుకోండర్రా" అని తిప్పేస్తారు. ఏ పాఠం పేరు ఎత్తడానికి ఇన్నాళ్లూ సిగ్గుపడ్డారో, నెలలు నిండిన మనిషిని ఆపడానికి అదే పనికొచ్చింది.

ఒడియా సార్ ఒక్కడే, "ఆవిడకి ఎప్పుడు వీలో ఆవిడనే అడిగితే?" అన్నాడు. మినిట్స్‌లో ఆ మాట రాయలేదు.

చివరికి ఏకగ్రీవ తీర్మానం: "పరీక్షలు, పేపర్లు దిద్దుట, మార్కుల ఎంట్రీ ముగిసిన పిమ్మట ప్రసవము జరుగునట్లు చూడవలెను." ఒక ప్రతి నోటీసు బోర్డుకు, ఒకటి ఫైలుకు, ఒకటి గర్భస్థ శిశువుకు సమాచార నిమిత్తం. శిశువు నుంచి జవాబు రాలేదు. మెమో ఇవ్వాలా, నేరుగా షోకాజ్ ఇవ్వాలా అని గుమస్తా పాత ఫైళ్లు తిరగేస్తున్నాడు.

ఈ చర్చ సాగినంతసేపూ ఆవిడ తలుపు దగ్గర నిలబడే ఉంది. గదిలో కుర్చీలు చాలలేదు.

స్టాఫ్‌రూములో చాలకపోవడం సరే, క్లాసులో అసలు లేవు. ఉండేవి, తీయించేశారు. టీచరు కూర్చుంటే పాఠం సాగదట. కూర్చుందా నిలబడిందా చూడటానికి కెమెరాలు పెట్టించారు, ఒక్కోదాని ఖరీదులో ఎన్నో ప్లాస్టిక్ కుర్చీలు వస్తాయి. ఎనిమిదో నెలలో బల్ల అంచు మీద ఒక క్షణం ఆనుకున్నందుకు ఆవిడని పిలిచి ఫుటేజీ చూపించారు. కడుపుతో ఉన్న మనిషికి ఫుటేజీ! ప్రసవం దగ్గరపడుతున్న స్త్రీ కోరితే ఎక్కువసేపు నిలబడే పని చెప్పకూడదని 1961 లోనే చట్టంలో రాశారు. అప్పటికి మన ఊళ్లో కరెంటు ఎన్ని ఇళ్లకుందో గానీ, చూలింత కాళ్ల గురించి ఎక్కడో ఢిల్లీలో కూర్చున్నవాళ్లకి తోచింది. ఇక్కడ రోజూ ఆ వాచిన కాళ్లను చూస్తున్నవాళ్లకి తోచలేదు. నేనే వెళ్లి ఒక కుర్చీ వేయించండని అడిగాను. "ఒకరికి వేస్తే అందరూ అడుగుతారు మేడం" అన్నారు. అడుగుతారు! ఎందుకు అడగరు? పూటకి నాలుగు పీరియడ్లు నిలబడి అరిచేవాళ్లు కూర్చోవాలని అడిగితే అది నేరమా?

ఇంతా చేసి మేమేమైనా సెలవంటే ఏమిటో తెలియని దేశంలో ఉన్నామా? జూన్‌లో రజొ పండగ వస్తుంది. నేలతల్లికి నెలసరి అని ఒడిశా అంతా మూడు రోజులు నాగలి ముట్టదు, నేలలో పలుగు దించదు. ఊళ్లో ఉయ్యాలలు కడతారు, ఇంటింటా పొడొపిఠా అనే పిండివంట చేస్తారు. మట్టికి ఒళ్లు నొప్పి ఉంటుందని నమ్మిన జనం వీళ్లు. ఆ మట్టి దరఖాస్తు పెట్టదు, మెడికల్ సర్టిఫికెట్ జతచేయదు, ఇంకో పంట కోసి ఆగమని దాన్నెవరూ అడగరు. మా కరెస్పాండెంట్ గారు ఆ మూడు రోజులూ భూదేవికి నొప్పి తగలకుండా మెల్లగా నడుస్తారు.

ఇక అసలు మందు వేరే ఉంది. సెలవులో ఉన్న మనిషిని ఉద్యోగంలోంచి తీయకూడదు, అది చట్టవిరుద్ధం. కాబట్టి ఎవరూ తీయరు. రాజీనామా రాయించుకుంటారు. "ఇప్పుడు ఆరోగ్యం ముఖ్యం తల్లీ, తర్వాత మన స్కూలు ఎక్కడికి పోతుంది" అని ముందే టైపు చేసిన కాగితం ఇస్తారు. ఏడాది తిరిగి వస్తే మళ్లీ కొత్త చేరిక, మళ్లీ మొదటి జీతం, అదైనా ఖాళీ ఉంటే. పదేళ్ల సర్వీసు పురిటి గదిలో పోతుంది. సాగనంపే రోజు స్టాఫంతా చందాలేసుకుని చీర పెట్టి, గాజులు తొడిగి, గ్రూపు ఫోటో దిగుతారు. ఆవిడ సీమంతం అనుకుంటుంది. వాళ్లు వీడ్కోలు అనుకుంటారు. ఆ ఫోటోల్లో నేనూ ఉన్నాను, నవ్వుతూ. ఇలా ఎంతమందిని పంపారు! బాగా చెప్పేవాళ్లు, పిల్లలు కొంగు పట్టుకుని తిరిగేవాళ్లు, ఇప్పుడు ఇంట్లో ట్యూషన్లు చెప్పుకుంటున్నారు. ప్రసూతి సెలవు స్త్రీ పునరుత్పత్తి హక్కుల్లో భాగమని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మాట చెప్పించుకోవడానికి తమిళనాడులో ఒక ప్రభుత్వ టీచరమ్మ ఢిల్లీ దాకా పోరాడాల్సి వచ్చింది. సర్కారు ఉద్యోగం ఉన్న ఆవిడకే అంత దూరమైతే, నెలకు చేతికి ఇంత అని లెక్కపెట్టి ఇచ్చే బళ్లలో పనిచేసేవాళ్లు ఏ మెట్లెక్కాలి?

మా సైన్సు టీచరమ్మ చీర తీసుకుంది. టైపు చేసిన కాగితం మాత్రం మడిచి బల్ల మీదే వదిలేసింది. తెల్లకాగితం తీసుకుని, ఫిబ్రవరి ఆఖరి సోమవారం నుంచి 26 వారాలు ప్రసూతి సెలవు అని, ముందు రెండు, తర్వాత 24 అని తన చేత్తో రాసింది. డాక్టరమ్మ చీటీ జతచేసింది. గుమస్తా చేత తేదీతో సహా స్టాంపు వేయించుకుని నకలు సంచిలో పెట్టుకుని పాతపట్నం బస్సెక్కింది. హెచ్చెమ్ గారికి టెన్షన్ ఇప్పుడు ఆవిడ గురించి కాదు. ఐదో తరగతి టీచరూ, ఎల్కేజీ టీచరూ ఆ దరఖాస్తుని ఫోన్లో ఫోటో తీసుకున్నారని గుమస్తా చెప్పాడట.